బుగుమా ఆడపడుచు, చీరాల గళ్ళు

కిందటి నెల ఈ శీర్షికలో మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన బట్టల గురించి రాస్తూ, లండన్‌లో ఉండే నైజీరియా శిల్పి సొకారి డగ్లస్ క్యాంప్ పేరూ, ఆవిడ జాతి ఆడవాళ్ళు మన గళ్ళ బట్టని బ్లేడుతో కోసి పోగులు తీసే సంగతీ ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. మిగతా వ్యాసం సంగతి ఎవరికీ పట్టలేదు. ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే. సరే, ఈసారి చోటంతా ఆవిడకే.

*ఎవరండీ ఈవిడ? పేరు చూస్తే దొరసానిలా ఉంది. మీరేమో ఆఫ్రికా శిల్పి అంటున్నారు. – టి. నగర్ నుంచి ఒక పాఠకురాలు*

దొరసాని కాదమ్మా. నైజర్ నది డెల్టాలో బుగుమా అనే ఊరి ఆడపడుచు. వాళ్ళని కలబారి జాతి అంటారు. యూరప్ ఓడలతో తరతరాలుగా వ్యాపారం చేసిన వాళ్ళు కాబట్టి ఆ ఊళ్ళలో డగ్లస్, బ్రిగ్స్, జాక్ లాంటి ఇంటిపేర్లు మామూలే. నాగాయలంక దాటి కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళ్తే కనిపిస్తాయే ఉప్పుకాలవలు, మడ అడవులు, అలాంటి చోటు.

ఆవిడ 1958లో పుట్టింది. నైజీరియా ముడిచమురు మొదటిసారి ఓడెక్కి విదేశాలకి పోయింది కూడా ఆ ఏడే. ఈ సంగతితో తరవాత పనుంది, గుర్తుంచుకోండి. ఆవిడని పెంచింది అక్క భర్త రాబిన్ హార్టన్. ఆయన ఇంగ్లీషువాడే, కానీ కలబారి వాళ్ళ దేవుళ్ళూ, ముసుగు ఆటలూ అర్థం చేసుకోవడానికే జీవితం వెచ్చించిన మానవశాస్త్రవేత్త. చిన్నప్పుడే చదువుకి ఇంగ్లండ్ పంపించారు. కాలిఫోర్నియాలో ఓక్లండ్ ఆర్ట్ కాలేజీ, తరవాత లండన్‌లో సెంట్రల్ స్కూలు, 1986లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ పట్టా. 2005లో బ్రిటిష్ ప్రభుత్వం సి.బి.ఇ. బిరుదిచ్చింది. ఇల్లూ, పనీ అన్నీ లండన్‌లోనే.

ఆవిడ సరుకు ఇనుము. రేకుని కోసి, వంచి, వెల్డింగ్ చేసి నిలువెత్తు మనుషుల్ని నిలబెడుతుంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఆఫ్రికా గది చూశాను, కింది అంతస్తులో ఉంటుంది. అక్కడుంది ఆవిడ 1995లో చేసిన ఒటోబో, అంటే నీటిగుర్రం వేషం. దూరాన్నించి చూస్తే మీద పడేట్టు ఉంటుంది. దగ్గరికెళ్తే లోపలంతా డొల్ల. రేకుల సందుల్లోంచి అవతల నిలబడ్డ వాళ్ళ చొక్కాలు కనిపిస్తాయి. దానికి ఇనుముతో పాటు ఈనెల చీపుళ్ళు కట్టింది! కంచు, పాలరాయి తప్ప పనికిరావనుకునే శిల్పులకి ఆ చీపుళ్ళు చూపించాలి.

ఇంకో మాట. కలబారి వాళ్ళలో ఈ వేషాలు కట్టేది ఎకినె అనే సంఘం. అందులో మగవాళ్ళకే చోటు. ఆడవాళ్ళు చూసి చప్పట్లు కొట్టాలి, అంతే. ముసుగుని మొహానికి కట్టుకోరు, నడినెత్తిన ఆకాశం వైపు చూసేట్టు పెట్టుకుంటారు. అది నీళ్ళలో ఉండే దేవతల కోసం, ఎదురుగా నిలబడ్డ మనకోసం కాదు. ఊళ్ళో ఉండుంటే ఆ వేషం తయారీలో ఆవిడ చెయ్యి పడనిచ్చేవాళ్ళు కాదు. లండన్‌లో గ్యాస్ కట్టర్ పట్టుకుని తనే చెయ్యి వేసింది. ఆ చప్పట్లు కొట్టే ఆడపిల్లల్ని కూడా వదల్లేదు, వాళ్ళకీ ఇనుప బొమ్మలు చేసింది.

*మా తాతగారు జాండ్రపేటలో గుంట మగ్గం మీద రుమాళ్ళు నేసేవారు. ఎక్కడికి పోతాయి తాతా అంటే “ఎక్కడో ఆఫ్రికా అంటరా” అనేవారు. అంతకుమించి ఆయనకి తెలీదు. ఈ శిల్పి వాళ్ళేనా కట్టుకునేది? – పెరంబూరు నుంచి ఒక పాఠకుడు*

వాళ్ళే నాయనా. వాళ్ళొక్కళ్ళే కాదు, పశ్చిమ ఆఫ్రికాలో ఇంకా చాలామంది కట్టారు. కానీ కలబారి వాళ్ళు కట్టుకున్నట్టు ఎవరూ కట్టుకోలేదు.

తాతగారు నేసింది ఎనిమిది గజాల తాను. గజానికో చదరం, చదరానికో అంచు. కోస్తే ఎనిమిది రుమాళ్ళు, కోయకపోతే తాను. ఎగుమతి కాగితాల మీద ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని ఉండేది, ఎగుమతి కంపెనీలో పనిచేసిన మేము పొట్టిగా ఆర్.ఎం.హెచ్.కె. అనేవాళ్ళం. నేసింది చీరాల, పేరాల, వేటపాలెం చుట్టుపక్కల. పేరు మాత్రం మద్రాసుది. ఎందుకంటే బేలు కట్టిందీ, ఓడెక్కించిందీ ఇక్కడ కదా. ఈ అన్యాయం గురించి చీరాల వాళ్ళు ఇప్పటికీ అంటూనే ఉంటారు, నేనూ అక్కడివాణ్ణే, నేనూ అంటాను.

కలబారి భాషలో ఆ గళ్ళ బట్ట ఇంజిరి. బిడ్డ పుట్టినా ఇంజిరి, మనిషి పోయినా ఇంజిరి. ప్రసవం తరవాత కొన్నాళ్ళు గదిలో ఉండి, ముస్తాబై ఊళ్ళోకి వచ్చే స్త్రీని ఇరియాబో అంటారు. ఆవిడ ఒంటి మీద ఏ బట్ట ఎన్ని మడతలుండాలో లెక్కుంది. పెద్దవాళ్ళు పోతే ఇంట్లో పెట్టెలు తెరుస్తారు. అమ్మమ్మలవీ, ముత్తవ్వలవీ దాచిన బట్టలన్నీ బయటికి తీసి, శవాన్ని పడుకోబెట్టే మంచాలకీ, గది గోడలకీ కడతారు. ఆ మంచాన్ని ఎడే అంటారు. ఎవరింట్లో ఎంత పాత బట్ట ఉందో ఊరంతా చూస్తుంది. సొకారి 1984లో ‘చర్చ్ ఎడే’ అని ఆ మంచాన్నే ఇనుముతో చేసింది. తాతగారి మగ్గం మీది నుంచి దిగిన తానులు అలాంటి మంచాల మీదికి ఎక్కాయన్నమాట.

ఇక్కడితో ఆపేస్తే మీకు గర్వంగా ఉంటుంది. ఆపలేను. మన కోరమాండల్ తీరం బట్ట పశ్చిమ ఆఫ్రికాకి పోవడం మొన్నమొన్నటి మాట కాదు. 17వ శతాబ్దం నుంచీ ఉంది. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు ఇక్కడ కొని యూరప్‌కి చేర్చేవి. అక్కడి వర్తకులు దాన్ని గినీ తీరానికి పట్టుకెళ్ళేవాళ్ళు. పట్టుకెళ్ళి ఏం కొనేవాళ్ళు? మనుషుల్ని. తుపాకులు, సారా, ఇనుప కడ్డీలు, బట్ట – వీటికి మారుగా బానిసల్ని ఎక్కించేవాళ్ళు. ఆ సరుకులో భారతదేశపు బట్టకి పెద్ద పీట. పాత పటాల్లో న్యూ కలబార్ అని కనిపించే రేవు ఈ కలబారి వాళ్ళదే, అదీ బానిసలు ఓడలెక్కిన రేవే. కాబట్టి మన బట్ట వాళ్ళింటి పెట్టెలోకి చేరిన దారి అంత శుభ్రమైనదేం కాదు.

ఆవిడకి ఇది బాగా తెలుసు. ‘ఆల్ ది వరల్డ్ ఈజ్ నౌ రిచర్’ అని ఆరుగురు ఇనుప మనుషుల్ని చేసింది. ఊళ్ళో దర్జాగా బతికిన మనిషి దగ్గర మొదలై, తోటల్లో చాకిరీ చేసిన బానిస మీదుగా, ఈనాటి బట్టల్లో ఉన్న మనిషి దాకా వరసగా నిలబడతారు. 2012లో బ్రిటిష్ పార్లమెంటులో పెట్టారు. తరవాత లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో కూడా. ఆ వరసలో ఒక్కళ్ళూ తల దించుకుని ఉండరు. నాకు ఆవిడ పనుల్లో అదే ఇష్టం.

*మన నేతగాళ్ళు ఒక్కో పోగూ కూర్చి నేస్తే, దాన్ని ఆ కలబారి ఆడవాళ్ళు బ్లేడుతో కోసి పోగులు పీకేస్తారని కిందటి నెల రాశారు. చదువుతుంటే ఒళ్ళు మండింది. ఇదేం కళ? – అంబత్తూరు నుంచి ఒక పాఠకుడు*

మండనివ్వండి, చల్లారాక చదవండి.

జార్జిటౌన్‌లో నేను పనిచేసిన ఎగుమతి కంపెనీలో నాది తనిఖీ విభాగం. కిటికీ ఎదురుగా ఒక వెదురు కర్ర కట్టి ఉండేది. తాను దాని మీదుగా లాగుతూ వెలుతురుకి పెట్టి చూడాలి. ఎక్కడైనా పేక పోగు, అంటే అడ్డంగా నేసే పోగు, జారి సందు కనిపిస్తే సుద్దతో గుర్తు పెట్టి పక్కన పడేయాలి. ఆ తాను తిరిగి చీరాల పోతుంది, నేతగాళ్ళకి పని ఇచ్చే మాస్టర్ వీవర్ నేతగాడి కూలీలో కోస్తాడు. ఒక్క పోగు! ఆ సందులో నా చిటికెన వేలి గోరు కూడా పట్టదు.

తరవాత ఎప్పుడో, రిటైరయ్యాక, అమెరికా పరిశోధకురాలు జోయాన్ ఐకర్ రాసినవి చదివాను. ఆవిడ కలబారి బట్టల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. అందులో ఉంది అసలు సంగతి. మా తనిఖీ దాటి, ఒక్క పోగూ జారకుండా వెళ్ళిన తానుని కలబారి ఆడవాళ్ళు ఒళ్ళో వేసుకుంటారట. సూదితో లేతరంగు పోగుల్ని కొన్నిటిని పైకి లేపి, బ్లేడుతోనో చిన్న చాకుతోనో ఈ చివరా ఆ చివరా తెంపి, బయటికి లాగేస్తారు. ముదురు పోగులు మిగులుతాయి. నిలువు పోగుల్లోనూ (పడుగు) తీస్తారు, పేకలోనూ తీస్తారు. గళ్ళు పోయి వాటి చోట కొత్త నమూనా తేలుతుంది. బట్ట జాలీలా అయి, ఒంటికి మెత్తగా జారుతుంది. దీన్ని పెలెటె బిటె అంటారు. కోయకుండా పోగులు లాగి మాత్రమే చేసేది ఇంకొకటి, ఫిమటె బిటె. ఒక్క తానుకి వారాలు పడుతుంది. చెయ్యి ఒక్కసారి తప్పి పక్క పోగు తెగిందా, తాను మొత్తం పోయినట్టే.

ఇప్పుడు చెప్పండి, ఎవరు పాడుచేశారు? మేము సందు కనిపిస్తే కూలీ కోసిన బట్టలో వాళ్ళు సందులు చేసి, దాన్ని తమ బట్ట చేసుకున్నారు. నేసిన చేతికి ఎంత ఓపిక కావాలో ఆ పోగు తీసిన చేతికీ అంతే కావాలి. మీ కోపం నేతగాడి తరఫున అయితే, దాన్ని కూలీ కోసిన మా వైపు తిప్పండి, ఒప్పుకుంటాను. ఆ ఆడవాళ్ళ జోలికి మాత్రం పోకండి.

సొకారి పని ఇక్కడే అర్థమైంది నాకు. ఇనుప రేకులో జాలీ కోసి ఆడవాళ్ళ దుస్తులు చేస్తుంది. పెళ్ళిళ్ళకీ పండగలకీ లేసు బట్టలు కట్టుకుని ఒక జట్టుగా వచ్చే నైజీరియా ఆడవాళ్ళని అలాగే చేసింది. మంటతో రేకులోంచి ముక్కలు తీసేస్తుంటే మిగిలింది బట్ట అవుతుంది. రాయల్ కాలేజీలో నేర్పే విద్య కాదిది. మ్యూజియం వాళ్ళు పెట్టే అట్టముక్క మీద ‘ఉక్కు’ అని రాసి ఊరుకుంటారు, దాంట్లో బ్లేడు పట్టుకున్న మేనత్తలు కనిపించరు.

*లండన్‌లో హాయిగా కూర్చుని ఊరి గురించి బొమ్మలు చేయడం తేలికే కదండీ? ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒరిగిందేమిటి? – అన్నానగర్ నుంచి ఒక పాఠకుడు*

మద్రాసులో కూర్చుని చీరాల గురించి కాలమ్ రాసేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నే. అయినా ఆవిడ సంగతి చెబుతా.

ముందు చమురు సంగతి గుర్తుంచుకోమన్నాను. ఆవిడ పుట్టిన డెల్టా మీద నూనె తెట్టులు కట్టాయి, చేపలు పోయాయి, పొలాలు పోయాయి. పక్కనే ఉన్న ఒగోని జనం తరఫున కొట్లాడిన రచయిత కెన్ సారో-వివాని మరో ఎనిమిది మందితో పాటు 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం పోర్ట్ హార్‌కోర్ట్‌లో ఉరితీసింది. ఆయన జ్ఞాపకార్థం లండన్‌లో పోటీ పెడితే సొకారి గెలిచింది. 2006లో ఇనుముతో ఒక బస్సు చేసింది, నిజం బస్సంత. డెల్టా రోడ్ల మీద సామాన్లు నెత్తినెత్తుకుని తిరిగే బస్సు లాంటిదే, కాకపోతే దీని నెత్తిన చమురు పీపాలు. పక్కన పెద్ద అక్షరాలతో, చమురు కంపెనీల మీద సారో-వివా చేసిన ఆరోపణ కోసి ఉంటుంది. ‘బ్యాటిల్ బస్’ అంటారు.

2015లో, ఉరికి ఇరవయ్యేళ్ళు నిండుతున్నప్పుడు, ఆ బస్సుని ఒగోని జనానికి కానుకగా ఓడలో పంపారు. లాగోస్ రేవులో కస్టమ్స్ వాళ్ళు పట్టేశారు. గాలి తప్ప ఏమీ లేని బస్సు. దాన్ని చూసి భయపడ్డారంటే తేలికైన బొమ్మ అయ్యుండదు కదా?

ఇంకొకటి కూడా ఉంది. ఇంగ్లీషు కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ 18వ శతాబ్దం చివర్లో చెక్కిన బొమ్మలో యూరప్, ఆఫ్రికా, అమెరికా ముగ్గురు ఆడవాళ్ళుగా, ఒంటి మీద బట్టల్లేకుండా, ఒక దండ పట్టుకుని నిలబడతారు. యూరప్‌ని మిగతా ఇద్దరూ మోస్తుంటారు. సొకారి 2015లో ఆ ముగ్గుర్నీ ఇనుముతో చేసింది. బట్టలు కట్టింది. చేతుల్లో దండ తీసేసి పెట్రోలు బంకు గొట్టం పెట్టింది. ఇంతకంటే నేనేం చెప్పక్కర్లేదు.

*మా అమ్మాయి శిల్పం నేర్చుకుంటానంటోంది, అదీ వెల్డింగ్‌తో. మావారు ఒప్పుకోవడం లేదు. మద్రాసులో నేర్చుకోవచ్చా? ఆడపిల్లకి ఈ పని తగునా? – కొరట్టూరు నుంచి ఒక తల్లి*

తగునా లేదా అన్నదానికి పైన చదివిందే జవాబు, మీవారికి కూడా చదివించండి.

నేర్చుకోవడానికి మద్రాసు కంటే మంచి ఊరు దక్షిణాదిలో ఏముందమ్మా. పెరియమేడులో ప్రభుత్వ లలితకళా కళాశాల 1850 నాటిది. అక్కడ చదివిన వాళ్ళు కె.సి.ఎస్. పణిక్కర్ వెంట నడిచి 1966లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. ముందు పిల్లని తీసుకుని ఓ ఆదివారం అక్కడికి వెళ్ళండి. అక్కడి మ్యూజియంలో శిల్పి జానకీరాం రేకు పని చూపించండి. రేకుని కొట్టి, మీద తీగలు అతికి ముఖాలు తెప్పించాడాయన. నందగోపాల్ వెల్డింగ్ పని కూడా చూపించండి. ఎదురుగా నిలబడి చూస్తే అతుకు ఎక్కడుందో తెలీదు, వెనక్కి వెళ్ళి చూడమనండి. నేర్చుకునేది అక్కడే.

తరవాత సంగతులు: గిండీలోనో అంబత్తూరులోనో తెలిసినవాళ్ళ వర్క్‌షాపులో ముందు కొన్నాళ్ళు రేకు కోయడం, గ్రైండింగ్ చేయించండి. నైలాను చున్నీ, పాలియెస్టర్ చుడీదారు వేసుకుని వెల్డింగ్ దగ్గరికి పోకూడదు, నిప్పురవ్వ పడితే చర్మానికి అంటుకుపోతుంది. ముతక నూలు బట్టలు, తోలు చేతితొడుగులు, మంచి షీల్డు ఉండాలి. పాత జి.ఐ. రేకు చవగ్గా దొరుకుతుంది కదాని తెస్తారు. దాని మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగ్ చేస్తే వచ్చే పొగకి ఆ రాత్రే చలిజ్వరం తగులుతుంది. మామూలు ఇనుము కొనివ్వండి. కళ్ళ విషయంలో మాత్రం మీవారి భయం న్యాయమే. షీల్డు లేకుండా ఆ వెలుగు చూడకూడదు, పక్కన నిలబడ్డవాళ్ళు కూడా.

*మా అత్తగారి పెట్టెలో పాత రుమాలు తానులు రెండు ఉన్నాయి, ఎర్ర గళ్ళవి. ఇవి ఆర్.ఎం.హెచ్.కె. అవునో కాదో ఎలా తెలుస్తుంది? ఉతకొచ్చా? ఒకాయన కొంటానంటున్నాడు. – వెలచ్చేరి నుంచి ఒక పాఠకురాలు*

ముందు కొలవండి. గజం గజానికీ అంచు గీత తిరిగి వస్తుంటే, తాను ఎనిమిది గజాలుంటే, చాలావరకు అదే. నూనెవాసన వేస్తూ, గళ్ళలో పూలు, సింహాలు, గడియారాలు లాంటి బొమ్మలుంటే అది తేలియా రుమాలు. అదీ చీరాలదే, కాకపోతే వేరే జాతి, పోగుల్నే ముందు అద్దకం వేసి నేసేది, అరబ్బు దేశాలకి పోయేది. రెండూ కలిపేసి మాట్లాడే వ్యాపారులున్నారు, జాగ్రత్త.

సబ్బు పెట్టొద్దు. అసలు ఉతక్కపోవడమే మంచిది. పాత మద్రాసు గళ్ళు రంగు వదులుతాయి. తప్పదనుకుంటే ఒక మూల చన్నీళ్ళతో తడిపి, తెల్లగుడ్డతో అద్ది చూడండి, ఎరుపు అంటితే అక్కడితో ఆపేయండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు, మన ఊరి చెమ్మకి బూజు పడుతుంది. పాత నూలు చీరలో చుట్టి పెట్టండి. మడతలు ఎప్పుడూ ఒకచోటే ఉంచితే అక్కడే చీలుతుంది, ఆర్నెల్లకోసారి మడత మార్చండి. కలరా ఉండలు బట్టకి నేరుగా తగలనివ్వకండి.

కొంటానన్న ఆయనకి వెంటనే ఇచ్చేయకండి. ముందు తాను చివర ముద్రగానీ, చీటీగానీ ఉందేమో చూసి, ఫొటో తీసి నాకు పంపండి. ఏ కంపెనీదో గుర్తుపట్టగలను.